పరుగు జాడలు

క్రయవిక్రయాల లోకంలో ఒక పాత ఇబ్బంది ఉన్నది. అమ్మేవానికి తెలిసినంత కొనేవానికి తెలియదు. వస్తువు కొత్తదైతే ఈ వ్యత్యాసం కొంత తగ్గుతుంది, ఎందుకంటే కొత్త వస్తువుకు గతం ఉండదు. పాత వస్తువుకు గతం ఉంటుంది. ఆ గతం కొంత అమ్మేవాని మనస్సులోనూ, కొంత వస్తువు శరీరంలోనూ నిక్షిప్తమై ఉంటుంది. మొదటిదానిని మనం చూడలేము. రెండవదానిని చదవటం మాత్రం నేర్చుకోవచ్చును.

విశాఖ మన్యపు అంచున ఉన్న మా కోటవురట్ల ప్రాంతపు పల్లెలలో ఈ చదువు తెలిసిన పెద్దలు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. ఎద్దును కొనబోయే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్ళు చూచేవాడు. రెండు పళ్ళు వేసినదా, నాలుగు వేసినదా, పళ్ళన్నీ వచ్చి అరిగిపోయినవా అన్నదానిని బట్టి దాని వయస్సు నిర్ణయించేవాడు. తరువాత మెడమీద కాడి రాచిన మచ్చను, పిరుదులమీద ముల్లుకర్ర గుర్తులను, గిట్టల అరుగుదలను పరిశీలించేవాడు. పది అడుగులు నడిపించి చూచేవాడు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచరాదని సామెత. డబ్బిచ్చి కొనే ఎద్దుకు పళ్ళు ఎంచకపోవటమే తప్పు. దుక్కికి కట్టిన ఎద్దు వేరు, బండికి కట్టిన ఎద్దు వేరు, పండుగనాటి పరుగు పందేలలో తోలిన ఎద్దు వేరు. మూడింటి వయస్సూ ఒకటే కావచ్చును గాని, మూడింటిలో మిగిలిన సత్తువ ఒకటి కాదు.

సంతలో అమ్మే రైతుకూ కొనే రైతుకూ నడుమ నిలిచేవాడు దళారి. ఈ మాట అరబ్బీలోని 'దల్లాల్' నుండి వచ్చి తెలుగులో స్థిరపడినది. ఉర్దూ, తెలుగు భాషలు రెండింటినీ చదువుకొనే మన విద్యార్థులకు ఈ సంగతి ఆసక్తికరంగా ఉండవచ్చును. బజారు, రసీదు, జామీను, వసూలు వంటి ఎన్నో మాటలు అరబ్బీ, పారశీకాల దారిన మన సంతలకు చేరినవి. వాటితోపాటు 'ఐబు' అనే మాట మా ఇళ్ళలో నేటికీ వినిపిస్తుంది. ఐబు అంటే లోపం, దోషం. సరుకులోని ఐబును చెప్పి అమ్మాలన్నది మా పెద్దలు మాకు చిన్ననాడే నేర్పిన వ్యాపారనీతి.

కార్ల గురించి వ్రాయదలచి ఎడ్ల సంతతో ప్రారంభించటానికి కారణం ఉన్నది. మా పెద్దక్కగారి కుమారుడు అచ్యుతాపురం వైపు ఒక ఔషధ కర్మాగారంలో ఉద్యోగి. కొన్నేళ్ళ జీతంలో మిగిల్చిన సొమ్మును, తండ్రిగారి మరణానంతరం తన వాటాకు వచ్చిన జీడిమామిడి తోటను అమ్మగా వచ్చిన సొమ్మును కలిపి ఒక స్పోర్ట్స్ కారు కొనాలని సంకల్పించాడు. నేలకు దగ్గరగా వంగిన శరీరం, రెండే తలుపులు, బలమైన ఇంజను గల కారు అది. కొత్తది కొనే స్తోమత లేదు గనుక వాడినది కొనదలచాడు. తోట అమ్మిన సొమ్ము గనుక మా అక్కగారికి దిగులు. దానికి తోడు ఆమె పెద్ద కుమార్తెను చింతపల్లిలో ఇచ్చారు. నెలకొకసారి లంబసింగి ఘాటు ఎక్కి ఆ అమ్మాయిని చూచి రావటం ఆమెకు అలవాటు. ఇకముందు ఆ ప్రయాణం ఈ కారులోనే సాగుతుంది. "వాడు కొంటే కొననీ. బండి ఎటువంటిదో మాత్రం నీవు చూచి చెప్పు" అని ఆమె ఆ భారాన్ని మామీద ఉంచారు.

తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు యంత్రాల సంగతి ఎంత తెలియును? అయితే నర్సీపట్నంలో కార్లు మరమ్మతు చేసే మేస్త్రీగారు ఒకరు మాకు చిరకాల మిత్రులు. ముప్పది ఏళ్ళుగా ఘాటు రోడ్లమీద తిరిగే జీపులకు, వ్యానులకు వైద్యం చేస్తున్నవారు. ఆయన షెడ్డులో బల్లమీద కూర్చుండి కొన్ని ఆదివారాలు మేము పొందిన శిక్షణే ఈ వ్యాసానికి మూలం.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. పందేలలో నడిచిన కారు మన ప్రాంతానికి ఎక్కడ నుండి వస్తుంది? మన దక్షిణ దేశంలో మోటారు పందేలకు పాత చిరునామా మద్రాసు సమీపంలోని షోళవరం. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల బాటమీద 1950ల దశకం నుండి అక్కడ పందేలు సాగినవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా ఒక బాట వెలిసింది. దానిని ఒకసారి చుట్టివస్తే సుమారు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు వద్ద 2.1 కిలోమీటర్ల కారి మోటార్ స్పీడ్‌వే ఉన్నది. ఢిల్లీ సమీపంలోని గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ అంతర్జాతీయ బాటమీద 2011 నుండి 2013 వరకు మూడేళ్ళు ఫార్ములా వన్ పందెం జరిగింది. 2023 ఫిబ్రవరి 11న విద్యుత్తు కార్ల ఫార్ములా ఈ పందెం హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన తెలుగువారి ముంగిటికే వచ్చింది. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ ఆనాడు గెలిచాడు. మరుసటి ఏడు జరగవలసిన పందెం రద్దయింది గాని, మన యువకుల ఉత్సాహం రద్దు కాలేదు.

ఈ బాటలమీద పోటీదారులే నడుపుతారనుకోరాదు. రుసుము చెల్లిస్తే సామాన్య యజమాని కూడా తన సొంత కారును ఒక పూట అక్కడ వేగంగా నడుపుకొనే ఏర్పాటు ఉన్నది. దానిని 'ట్రాక్ డే' అంటారు. ఉదయం నంబరు పలకతోనే లోనికి వెళ్ళిన కారు సాయంత్రం నంబరు పలకతోనే ఇంటికి వస్తుంది. రిజిస్ట్రేషను పుస్తకంలో ఆ సంగతి ఎక్కదు. కొన్నాళ్ళకు ఆ కారు చేతులు మారి హైదరాబాదుకో విశాఖపట్నానికో చేరుతుంది. అప్పుడు దళారి దాని కిలోమీటర్ల మీటరును చూపి, "ఎంత తక్కువ తిరిగిందో చూడండి" అంటాడు.

ఆ మీటరు అబద్ధం చెప్పదు గాని నిజమంతా చెప్పదు. ఇరుంగాట్టుకోట్టైలో ఇరవై చుట్లు తిరిగిన కారు 74 కిలోమీటర్లే నడిచినట్లు లెక్క. ఆ 74 కిలోమీటర్లలో దాని బ్రేకులు పడిన శ్రమ నెలల తరబడి ఊరిలో తిరిగినా పడవు. దీనికి భౌతికశాస్త్రం చెప్పే కారణం సులభమైనది. కారు వేగం రెట్టింపైతే దానిలోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. కారును ఆపినప్పుడు ఆ శక్తి ప్రధానంగా బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. పందెపు బాటమీద ప్రతి చుట్టులోనూ, ప్రతి పెద్ద మలుపుకు ముందూ ఈ వేడి పుడుతుంది. అది చల్లారేలోపే మరొక మలుపు వస్తుంది. కనుక జాడల కోసం వెదకేవారు ముందుగా చక్రాల దగ్గర వంగి చూడాలని మేస్త్రీగారి ఉపదేశం.

బ్రేకు డిస్కుమీద నీలి ఛాయగాని, ముదురు మచ్చలుగాని కనిపిస్తే అది మితిమీరిన వేడికి గుర్తు. గోటితో తాకితే తెలిసే సన్నని నెర్రెలు డిస్కుమీద ఉంటే అది ఇంకా తీవ్రమైన గుర్తు. డిస్కును పట్టే క్యాలిపర్‌కు ఎరుపో పసుపో రంగు వేసి ఉంటే, వేడికి ఆ రంగు మాడి గోధుమ వన్నెకు తిరుగుతుంది. దానిలోని రబ్బరు తొడుగులు పెళుసెక్కి పగులుతాయి. డిస్కులు కొత్తవి వేసి అమ్మటం తేలికే గాని, మాడిన క్యాలిపర్‌ను మార్చటానికి ఖర్చెక్కువ. అందువలన కొత్త డిస్కు పక్కన మాడిన క్యాలిపర్ ఉంటే అది పాత కథను చెబుతున్నదని గ్రహించాలి.

బ్రేకు ఆయిలు సంగతి కూడా తెలుసుకొనవలసినది. అది కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకొంటుంది. మన కార్లలో విరివిగా వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకుండా నిలవాలని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు చేరితే, తొక్కిన పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది గాని కారు ఆగదు. ఘాటు దిగే వాహనానికి ఇంతకంటె పెద్ద ఆపద లేదు.

తరువాత టైర్లు. రోడ్డుమీద తిరిగిన టైరు నడుమ భాగంలో ఇంచుమించు సమానంగా అరుగుతుంది. పందెపు మలుపులలో తిరిగిన టైరు వెలుపలి భుజంమీద ఎక్కువగా అరిగి, అంచులు రంపంతో కోసినట్లు గరుకుగా ఉంటాయి. బాటమీద టైర్ల నుండి రాలిన రబ్బరు తునకలను పందెగాళ్ళు గోళీలని పిలుస్తారు. అవి వేడిమీద ఎగిరి చక్రపు గూటి లోపల అతుక్కుంటాయి. పైన ఎంత కడిగినా గూటిలోపల చేయి పెట్టి తడిమితే ఆ గోళీలు తగులుతాయి. టైర్లు నాలుగూ సరికొత్తవైతే సంతోషించటానికి ముందు వాటి పక్కన ముద్రించిన నాలుగు అంకెలను చదవాలి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. తక్కువ తిరిగిందంటున్న కారుకు అంత త్వరలో నాలుగు టైర్లూ ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగాలి. ముందు చక్రాల పైభాగం లోనికి వంగి ఉంటే, అది మలుపులలో పట్టుకోసం చేయించుకొన్న సర్దుబాటు కావచ్చును.

ఇక లోపలి భాగం. పందెపు బాటమీద కొందరు మామూలు బెల్టు చాలక భుజాలమీదుగా వచ్చే నాలుగు పట్టీల బెల్టును బిగిస్తారు. మరికొందరు కారు బోల్తా పడినా కప్పు నలగకుండా లోపల ఇనుప గొట్టాల పంజరం వేయిస్తారు. అమ్మేముందు రెండింటినీ తీసివేయవచ్చును గాని, నేలమీద వాటికై తొలిచిన రంధ్రాలు మిగులుతాయి. తివాచీని ఎత్తి చూడాలి. సీటు బోల్టుల తలలు పదేపదే విప్పి బిగించినట్లు అరిగి ఉన్నవేమో చూడాలి. చక్రపు నట్లకు కూడా ఇదే పరీక్ష. తలుపుమీద పందెపు సంఖ్య అతికించి తీసివేసి ఉంటే, దాని క్రింద ఎండ తగలని రంగు ముదురుగా మిగులుతుంది. మిట్టమధ్యాహ్నం కంటే ఏటవాలు ఎండలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇంజను, గేరుపెట్టె కంటికి కనిపించని చోట్లు. వేగంగా గేరు దించేటప్పుడు పొరపాటున ఒక మెట్టు బదులు రెండు మెట్లు దించితే, చక్రాలే ఇంజనును హద్దుమించి తిప్పివేస్తాయి. ఆ క్షణంలో ఇంజను కంప్యూటరు కూడా దానిని కాపాడలేదు. కొన్ని కార్లలో, ఉదాహరణకు పోర్షే కార్లలో, ఇంజను హద్దుమించి ఎంత మేరకు తిరిగిందో శ్రేణులవారీగా ఆ కంప్యూటరులోనే నమోదవుతుంది. యంత్రంతో చదివిస్తే ఆ లెక్క బయటపడుతుంది. మామూలు కారులోనైతే రెండవ, మూడవ గేర్లు వేసేటప్పుడు కరకర శబ్దం వస్తున్నదేమో వినాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఉరిమినా బండి తగినంత లాగకపోతే క్లచ్చి జారుతున్నదని అనుమానించాలి.

విద్యార్థులు కారు కొనకపోయినా మోటారు సైకిలు కొంటారు గనుక వారికొక మాట. పరుగుకు వాడిన మోటారు సైకిలుకు కాలు పెట్టే కడ్డీల చివరలు, సైలెన్సరు అడుగు నేలకు రాసుకొని అరిగి ఉంటాయి. టైరు చివరి అంచు వరకు అరిగి ఉంటుంది. ఇంజను ఆయిలు దించే బోల్టు తలకు సన్నని రంధ్రం తొలిచి ఉంటే, అది ఊడకుండా తీగతో కట్టటానికి పందెపు నిబంధన ప్రకారం చేసినది కావచ్చును. ఇంటి వాడకానికి ఆ రంధ్రంతో పని లేదు.

ఇన్ని గుర్తులు విన్న తరువాత మాకు ప్రతి కారూ అనుమానాస్పదంగా కనిపించసాగింది. అప్పుడు మేస్త్రీగారు తన షెడ్డులో నిలిచి ఉన్న ఒక పాత జీపు చక్రం ఊడదీసి చూపించారు. దాని డిస్కు నీలిమచ్చలతో నిండి ఉన్నది. "ఇది ఏ పందెంలో తిరిగింది మాష్టారూ? లంబసింగి ఘాటులో గేరు దించకుండా బ్రేకుమీదే దిగినోడి బండి ఇది. ఒక్క సాక్షిని నమ్మి శిక్ష వేసేయకండి" అన్నారు. ఆ మాటలో న్యాయశాస్త్రమంత లోతు ఉన్నది. ఘాటు వేడి కూడా డిస్కును నీలం చేస్తుంది. కాని చక్రపు గూటిలో గోళీలను అతికించదు, నేలలో రంధ్రాలు తొలచదు, తలుపుమీద సంఖ్య నీడను మిగల్చదు. గుర్తులు రెండు మూడు కలిసి ఒకే మాట చెప్పినప్పుడే నిర్ణయానికి రావాలి.

కాగితాలు కూడా సాక్షులే. సర్వీసు పుస్తకంలో బ్రేకు ప్యాడ్లు ఎన్నిసార్లు మార్చారో చూడాలి. సాధారణంగా ముప్పై నలభై వేల కిలోమీటర్లు నిలిచే ప్యాడ్లను పది వేల లోపే రెండు మార్లు మార్చి ఉంటే అందుకు కారణం ఉంటుంది. బీమా పత్రాన్ని కూడా చదవాలి. మన దేశంలో ప్రైవేటు కారు బీమా వ్యవస్థీకృత పందేలకు, వేగ పరీక్షలకు వర్తించదని ఆ పత్రంలోనే ఉంటుంది. బాటమీద దెబ్బతిన్న కారును యజమాని సొంత ఖర్చుతో బాగుచేయించుకొని ఉండవచ్చును. కనుక బీమా క్లెయిములు లేకపోవటం ప్రమాదాలు లేకపోవటానికి రుజువు కాదు.

ఇంత సిద్ధపడిన తరువాత విశాఖపట్నంలో ఒక కారును చూడబోయాము. మా మేనల్లుడు అప్పటికే దానిని ఫోనులో బొమ్మలు చూచి మెచ్చుకొని ఇరవై వేల రూపాయల బయానా ఇచ్చి ఉన్నాడు. నీళ్ళలోని గేదెను గట్టుమీద నిలిచి బేరమాడినట్లని మా అక్కగారు మందలించినా అప్పటికే ఆలస్యమైనది. ఎర్రని కారు. అద్దంవలె మెరుస్తున్నది. మీటరుమీద పద్దెనిమిది వేల కిలోమీటర్లు. టైర్లు, డిస్కులు సరికొత్తవి. మా వాడి కన్నులలో వెలుగు చూచి మాకు కూడా ముచ్చట వేసింది.

మేస్త్రీగారు మాట్లాడలేదు. చక్రపు గూటిలో చేయి పెట్టి నాలుగు నల్లని గోళీలు తీసి మా అరచేతిలో ఉంచారు. క్యాలిపర్లు మాడి గోధుమరంగుకు తిరిగి ఉన్నవి. వెనుక తివాచీ క్రింద ఆరు రంధ్రాలను మెత్తటి లప్పంతో పూడ్చి రంగు వేశారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మాకు గుర్తు వచ్చింది. అయినను గుర్తులను చూచి ఊరుకోరాదని, అడగాలని మేము నిశ్చయించుకొన్నాము.

ఎందుకు అడగాలో చెప్పటానికి చట్టంలో ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనులో మోసమంటే ఏమిటో నిర్వచించారు. తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపుచ్చటం మోసం. అయితే కేవలం మౌనం అన్ని వేళలా మోసం కాదు. ఆ సెక్షను క్రింద గుర్రపు బేరాన్ని ఉదాహరించారు. గుర్రం రోగిష్టిదని తెలిసి కూడా అమ్మేవాడు వేలంలో ఏమీ చెప్పక అమ్మితే మోసం కాదు. అదే కొనేవాడు, "మీరు కాదనకపోతే ఈ గుర్రం ఆరోగ్యంగా ఉన్నదనే భావిస్తాను" అన్నప్పుడు అమ్మేవాడు మౌనం వహిస్తే, ఆ మౌనం మాటతో సమానం. అనగా మన ప్రశ్న ఎదుటివాని మౌనాన్ని మాటగా మారుస్తుంది. 19వ సెక్షనులో మరొక హెచ్చరిక కూడా ఉన్నది. సామాన్య శ్రద్ధతో చూస్తే నిజం తెలుసుకోగలిగిన స్థితిలో ఉన్నవాడు, ఎదుటివాని మౌనం మోసమే అయినా, ఆ కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడు. కనుక చూడటమూ అవసరమే, అడగటమూ అవసరమే. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ విషయంలో అమ్మేవానిమీద ఇంకా ఎక్కువ భారం ఉంచింది. దాచిన ఐబు బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొనేవానికి ఉన్నది. దానినే 'ఖియారుల్ ఐబ్' అంటారు.

మేము దళారిని సూటిగా అడిగాము. "ఈ కారు పందెపు బాటమీద నడిచిందా? నడవలేదని కాగితంమీద వ్రాసి ఇవ్వగలరా?"

ఆయన నవ్వి, "పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరండీ మాష్టారూ" అన్నాడు. మేము మళ్ళీ అదే ప్రశ్న అడిగాము. ఆయన కొంతసేపు ఫోను చూచుకొని, "సరే, మీకోసం యాభై వేలు తగ్గిస్తాను" అన్నాడు.

మేస్త్రీగారు మా చెవి దగ్గర మెల్లగా, "ధర తగ్గించమని మనం అడగనే లేదు మాష్టారూ. జవాబు వచ్చేసింది" అన్నారు.

కారు కొనలేదు. బయానా తిరిగి రాలేదు. దారి పొడవునా మా వాడు పెదవి కదపలేదు. "మామూ, నా సొమ్ము, నా ఇష్టం" అని ఇంటి దగ్గర ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. ఆ రంజాను పండుగకు మా ఇంటికి వచ్చి సేమియా తిన్నాడు గాని ఎప్పటివలె కూర్చుండి మాట్లాడలేదు. ఇరవై ఐదేళ్ళ కుర్రవాని చేతినుండి ఇష్టమైన వస్తువును లాగివేయటం తేలిక కాదు. ఆ దినాలు మాకూ భారంగానే గడిచినవి.

ఎనిమిది నెలల తరువాత మద్రాసులోని ఒక ఇంజనీరుగారి కారు సంగతి మా వాడే మోసుకొని వచ్చాడు. ఫోనులో బేరం మొదలుకాకముందే ఆ యజమాని, "ఈ కారును నేను ఏడుసార్లు ట్రాక్‌మీద నడిపాను. అది తెలిసి ఇష్టమైతేనే రండి" అని చెప్పారట. ఆ ఒక్క మాటతో మా అందరికీ సగం భయం తీరింది. రైలులో వెళ్ళి చూచాము. ఆయన కారుకంటె ముందు ఒక నోటుపుస్తకం మా ముందు పెట్టారు. ఏ తేదీన బాటమీద నడిపినది, ఎన్ని చుట్లు తిరిగినది, తరువాత బ్రేకు ఆయిలు, ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చినది అందులో వరుసగా వ్రాసి ఉన్నది. విప్పిన పాత ప్యాడ్లను కూడా అట్టపెట్టెలో దాచి ఉంచారు. ముందు డిస్కులను చూపి, "ఇవి నెర్రెలిచ్చినవి, మార్చవలసినవే. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి" అన్నారు. మేస్త్రీగారు గోటితో తాకి చూచి తల ఊపారు.

ఆనాడు మాకొక విషయం స్పష్టమైనది. బాటమీద నడవటం ఐబు కాదు. నడిచిన సంగతిని దాచటమే ఐబు. పందెపు బాటకు తీసుకువెళ్ళే యజమానులలో శ్రద్ధాళువులు తమ కారును మామూలు యజమానులకంటె ఎక్కువగా సంరక్షిస్తారు. ఆయిళ్ళు ముందుగా మారుస్తారు, ప్రతి నట్టూ బిగించి చూస్తారు. అటువంటి కారులో ఏది అరిగిందో తెలిసి ఉంటుంది. తెలిసిన అరుగుదలకు వెల కట్టవచ్చును, మరమ్మతు చేయించవచ్చును. ఎక్కడున్నదో తెలియని అరుగుదలకు వెల కట్టటం ఎవరి తరమూ కాదు. అది ఎక్కడో ఘాటు మలుపులో, తల్లి పక్కన కూర్చుండి ఉన్నప్పుడు బయటపడుతుంది.

కారు కొన్నాము. 28వ ఫారంతో తమిళనాడు నుండి నిరభ్యంతర పత్రం తెప్పించి, 29, 30 ఫారాలతో యాజమాన్యాన్ని మా వాడి పేరుకు మార్పించాము. నర్సీపట్నం షెడ్డులో మేస్త్రీగారు కొత్త డిస్కులు, ప్యాడ్లు వేసి, ఆయిలు మార్చి, చక్రాల వంపును రోడ్డుకు తగినట్లు సరిచేశారు. మొదటిసారి లంబసింగి ఘాటు దిగేటప్పుడు ఆయనే పక్కన కూర్చుండి, గేరు దించి ఇంజనుతోనే వేగాన్ని అదుపు చేయటం మా వాడికి నేర్పారు. క్రిందికి వచ్చాక చక్రం దగ్గర చేయి చాపి వేడి చూచి, "ఇక అమ్మగారిని ఎక్కించుకోవచ్చు" అన్నారు. మా అక్కగారు ఇప్పుడు ఆ కారులోనే చింతపల్లి వెళ్ళి వస్తున్నారు. మా వాడు మళ్ళీ మా ఇంట తీరికగా కూర్చుండి మాట్లాడుతున్నాడు.

అయితే ఆ ఎర్రని కారు సంగతి మా మనస్సులో నిలిచి ఉన్నది. దానిని ఆ నెలలోనే ఎవరో కొన్నారని తెలిసింది. ఆ కొన్నవారికి గూటిలో చేయి పెట్టి చూచే మేస్త్రీ దొరికి ఉండడు. ప్రశ్న అడగాలని తోచి ఉండదు. ఒక ఇంటివారు తప్పించుకొన్న ప్రమాదం మరొక ఇంటికి చేరింది. కొనేవారందరూ నిపుణులైతే మోసం ఉండదని కొందరు అంటారు. కాని అందరూ అన్నింటిలో నిపుణులు కాలేరు. ఎద్దు పళ్ళు చూడగలవాడు కారు డిస్కును చదవలేకపోవచ్చును, కారు చదివినవాడు భూమి దస్తావేజును చదవలేకపోవచ్చును. అందుచేత సమాజంలో నమ్మకం నిలవాలంటే కొనేవాని నేర్పు చాలదు. అమ్మేవాని నోటిమాట కావాలి.

విద్యార్థి మిత్రులారా, మీరు నేడు కొనేవారు. కొనేటప్పుడు సిగ్గుపడక వంగి చూడండి, తడిమి చూడండి, సూటిగా అడగండి. రేపు మీరే అమ్మేవారవుతారు. పాత సైకిలు కావచ్చును, పాత ఇల్లు కావచ్చును. ఆనాడు ఎదుటివాడు అడిగేవరకు ఆగకండి.

మద్రాసు ఇంజనీరుగారి నోటుపుస్తకం ఇప్పటికీ ఆ కారులోనే ఉన్నది. ఆయన ఆంగ్లంలో వ్రాసిన పుటలు ముగిసిన చోట మా మేనల్లుని తెలుగు వ్రాత మొదలవుతుంది. తేదీ, కిలోమీటర్లు, ఎన్నిసార్లు ఘాటు ఎక్కి దిగినది, ఆయిలు ఎప్పుడు మార్చినది వరుసగా వ్రాస్తున్నాడు. ఎప్పుడైనా ఆ కారును అమ్మవలసి వస్తే తాళంచెవితోపాటు ఆ పుస్తకం కూడా ఇస్తానని చెప్పాడు.